శాంపిల్ తెచ్చినావామ్మా?

కర్ణాటకలో తెలుగు వినబడే సీమలో, దిబ్బూరహళ్ళి పక్కన గుట్ట కింద ఒక పల్లె. అందులో మునిశామప్ప ఇంట్లో స్క్రూడ్రైవర్‌ను బియ్యం డబ్బా వెనకాల దాచిపెడతారు. దొంగల భయంతో కాదు, ఇంటావిడ భయంతో. ఆవిడ పేరు సుబ్బలక్ష్మమ్మ. నలభై దాటాయి. మనిషి నెమ్మది, నోరు మంచిది, చెయ్యి మాత్రం ఊరుకోదు. ఏ వస్తువు కంటబడినా ఒకటే ప్రశ్న: "దీని లోపల ఏముండాది?"

అడిగి వదిలేసే రకమైతే ఏ గొడవా లేదు. విప్పి చూస్తుంది! ఒకసారి గోడ గడియారం విప్పింది. మళ్ళీ బిగించాక అది శుభ్రంగా తిరిగింది గానీ చిన్న పళ్ళచక్రం ఒకటి చాప మీద మిగిలిపోయింది. "ఇది లేకుండానే తిరుగుతాండాదే, మరి దీన్ని ఏంటికి పెట్టినట్టు?" అని ఆ చక్రాన్ని కొంగున ముడేసుకుని ఊళ్ళో కనబడ్డవాళ్ళనల్లా అడిగింది. మిక్సీ విప్పింది. బోరు మోటారు స్టార్టర్ డబ్బా మీద చెయ్యి వేసినప్పుడు మునిశామప్ప పరుగెత్తుకొచ్చి ఆపాడు కాబట్టి సరిపోయింది, లేకపోతే ఈ కథ ఇక్కడే ముగిసేది.

అలాంటి మనిషి చేతికి గేర్ల సైకిల్ దొరికితే ఏమవుతుంది? మునిశామప్ప అన్న కొడుకు పురుషోత్తమ్‌కు బెంగళూరులో ఉద్యోగం. ఆదివారాలు స్నేహితులతో నంది కొండ ఎక్కడానికని ఆ సైకిల్ కొన్నాడు. లావు టైర్లు, వంపు తిరిగిన కడ్డీ, ముందర మూడు పళ్ళచక్రాలు, వెనక ఇంకా బోలెడు. కారు కొన్నాక దాని ముఖం చూడలేదు. "చిన్నమ్మా, నీకు విప్పుకోవడానికి పనికొస్తాది" అని నవ్వి ఊరికి పంపించేశాడు. సుబ్బలక్ష్మమ్మ దాన్ని విప్పలేదు. చీర మీద మొగుడి పాత చొక్కా తొడుక్కుని, కుచ్చిళ్ళు ఎగదోపి, ఎక్కి తొక్కింది. ఊరంతా ఒక దారి, ఉలిపికట్టెది ఒక దారి అన్నారు. అన్నవాళ్ళే కొన్నాళ్ళకు "సుబ్బలక్ష్మమ్మా, దిబ్బూరహళ్ళికి పోతాండావా, రెండు కట్టలు కొత్తిమీర తేవా" అని అడగడం మొదలుపెట్టారు.

ఆ సైకిల్ ఆమెకు సరదా కాదు, అవసరం. ఇంటి ముందరి చేలో మునుపటి మల్బరీ ఎండిపోయాక ఎన్ని బోర్లు వేసినా దుమ్మే లేచింది. నీళ్ళు పడింది గుట్ట అవతలి తుంట చేలో. అక్కడే ఆమె మల్బరీ తోట పెట్టింది. ఒక్కో కడ్డీ తన చేత్తో నాటింది. పట్టుపురుగులేమో ఇంటి పక్క షెడ్డులో ఉంటాయి. తోటకూ షెడ్డుకూ మధ్య గుట్ట సందులో రాళ్ళ బాట. మోపెడ్ ఎక్కదు, ఎడ్లబండి పట్టదు. రోడ్డు మీద చుట్టి వెళితే ఆకు వాడిపోతుంది. నెత్తిన మోస్తే ఒక్క మోపు తెచ్చేసరికి ఎండెక్కుతుంది. గేర్ల సైకిల్ అయితే ఖాళీగా ఎక్కి, వెనక కట్టించిన క్యారియర్ మీద ఆకు కట్టలు వేసుకుని దిగి రావచ్చు.

ఇంకొక సంగతి కూడా ఇప్పుడే చెప్పుకోవాలి. ఆ ఇంటికి సుబ్బలక్ష్మమ్మ మొదటి కోడలు కాదు. మొదట వచ్చింది ఆమె సొంత అక్క మునిరత్నమ్మ. పెళ్ళయిన కొద్ది కాలానికే ఆమె పాము కరిచి పోయింది. పెద్దవాళ్ళు కూర్చుని మాట్లాడుకుని, చెల్లెల్ని తెచ్చి అక్క స్థానంలో నిలబెట్టారు. ఆ పక్క పల్లెల్లో అదేం వింత కాదు. అత్త జయలక్ష్మమ్మ చెడ్డ మనిషీ కాదు, కోడలికి ఒంట్లో బాగలేకపోతే తానే సంగటి కెలికి పెట్టే మనిషి. కానీ ఏ పని చూసినా ఆమె నోట ముందు వచ్చే మాట "మా పెద్దకోడలు ఉన్నప్పుడు..." అనే. పెద్దకోడలి ముద్ద గుండ్రంగా ఉండేది. పెద్దకోడలు పెరుగు తోడేస్తే గడ్డ కదిలేది కాదు. పెద్దకోడలు పురుగులకు నాలుగు వేళ్ళ మందం ఆకు పరిచేది, పసుప్పచ్చ గూళ్ళు చూసి శిడ్లఘట్ట పట్టుగూళ్ళ మార్కెట్లో జనం మూగేవాళ్ళు. చచ్చినవాడి కళ్ళు చారెడని ఊరికే అన్నారా?

మొదట్లో సుబ్బలక్ష్మమ్మ ఏడ్చింది. అక్క మీద కోపం కూడా వచ్చింది, ఆ కోపానికి సిగ్గూ పడింది. పోను పోను ఏడుపు మానేసి, అక్క చేసినట్టే చేయడం నేర్చుకుంది. ఆకు నాలుగు వేళ్ళే పరిచింది. అయినా గూళ్ళు ఎప్పుడూ అంతంతమాత్రమే. పోయిన పంటలోనైతే మరీ, వేలితో నొక్కితే సొట్టపడేంత పలచగా వచ్చాయి.

మునిశామప్ప టమాటా వ్యాన్ నడుపుతాడు. కోపగొండి కాదు గానీ లెక్కగా మాట్లాడే మనిషి. ఈ పంటకు పురుగులు తెచ్చిన రోజే చెప్పేశాడు: "ఈ తూరీ అట్లే అయితే ఆ తోట పెరికేస్తా. మామిడి మొక్కలకు నర్సరీలో చెప్పిండా. మామిడైతే నీళ్ళూ అడగదు, నిన్నూ అడగదు."

ఆ పూట ఆమెకు అన్నం సయించలేదు.

ఇక సైకిల్ చూడబోతే సరిగ్గా ఈ పంటకే మొరాయించడం మొదలుపెట్టింది. కుడి పెడల్ తొక్కితే కటక్, ఎడమ తొక్కితే కిర్రు. పెడల్ కాడ పట్టుకుని ఊపితే పాలపన్నులా కదులుతోంది. విప్పి చూద్దామంటే వీల్లేదు. పురుగులు మేత మీద ఉన్నప్పుడు షెడ్డు వైపు తాలింపు వాసన కూడా పోకూడదు. బీడీ తాగినవాడిని గడప తొక్కనివ్వరు. గ్రీజు, కిరోసిన్ ముట్టిన చేత్తో ఆకు ముట్టుకుంటే పురుగు తల తిప్పేసుకుంటుందని ఆ ఊళ్ళో పసిపిల్లకూ తెలుసు. పాపం సుబ్బలక్ష్మమ్మ! ప్రపంచంలోకెల్లా విప్పాలనిపించే వస్తువు ఇంటి ముందు గోడకు ఆనించి ఉంటే, దాన్ని చూస్తూ చేతులు కట్టుకుని కూర్చోవలసి వచ్చింది.

చివరికి పురుగులు నాలుగో జ్వరానికి కూర్చున్నాయి. తోలు మార్చే ముందు పట్టుపురుగు మేత మాని, తల పైకెత్తి, కదలకుండా ఉండిపోతుంది. దాన్నే జ్వరం అంటారు. నాలుగోది ఆఖరిది. ఒక పగలూ ఒక రాత్రీ ఆకు ముట్టవు. లేచాక మాత్రం అది తిండి కాదు, జాతరే. పంట అంతా ఆ తిండిలోనే ఉంటుంది. అవి కళ్ళు మూసుకున్న ఆ కొద్ది సమయమే సుబ్బలక్ష్మమ్మకు దొరికిన సందు. ఆలోపు సైకిల్ నడవాలి. నడవకపోతే ఆకు లేదు, ఆకు లేకపోతే తోట లేదు.

పొద్దున్నే టమాటా బుట్టల మీద సైకిల్ పడుకోబెట్టుకుని, మొగుడి పక్కన కూర్చుని చింతామణి పట్నం చేరింది. మునిశామప్ప ఆమెను పిళ్ళప్ప సైకిల్ అంగడి ముందు దించి మండీకి వెళ్ళిపోయాడు.

పిళ్ళప్పకు అరవై ఏళ్ళుంటాయి. తండ్రి నాటి నుంచీ ఆ అంగడే. సైకిల్‌ను తిరగేసి నిలబెట్టి, పెడల్ కాడలు రెండూ పీకి, పెద్ద స్పానర్ పట్టుకున్నాడు. రెండు కాడల్నీ కలిపే ఇరుసూ దాని బేరింగులూ ఒకే డబ్బీలాగా ఫ్రేమ్ అడుగు గొట్టంలో బిగించి ఉంటాయి. అంగళ్ళలో దాన్ని బీబీ అంటారు. కుడివైపు మూత విప్పడానికి పిళ్ళప్ప బిగించే దిక్కుకు తిప్పాడు. సుబ్బలక్ష్మమ్మ కళ్ళు పెద్దవయ్యాయి.

"అదేందప్పా! వదులు చేసేదానికి బిగించే పక్క తిప్పుతాండావు?"

"ఈ పక్క ఎదురు మరమ్మా."

"ఏంటికి?"

"ఏంటికంటే? మా నాయన చెప్పిండె. ఆయప్పకి ఎవురు చెప్పిండ్రో!"

"ఎడమ పెడల్‌కి కదా ఎదురు మర ఉండేది. ఇక్కడ కుడిపక్క ఏంటికి వచ్చింది?"

"అమ్మా తల్లీ, నీకు సైకిల్ కావల్నా, సమాధానం కావల్నా?"

రెండూ కావాలి ఆమెకు. కానీ అప్పటికి నోరు మూసుకుంది. డబ్బీ బయటికొచ్చింది. తుప్పు నీళ్ళు కారాయి. ఇరుసు లోపల లొడలొడలాడుతోంది. పిళ్ళప్ప దాన్ని పాత పేపర్‌లో చుట్టి ఆమె చేతిలో పెట్టాడు. "శాంపిల్ తీసుకోని ఆ వీధి స్పేర్స్ అంగడికి పో. అచ్చు ఇట్లాంటిదే ఇయ్యమను."

చింతామణిలో శాంపిల్ లేకుండా స్పేర్స్ అంగడికి పోవడమంటే తాళంచెవి లేకుండా ఇంటికి పోవడమే. కొళాయి వాషర్ కావాలా, పాతది తే. స్ప్రేయర్ గొట్టం కావాలా, పాత ముక్క తే. నోటితో ఎంత వర్ణించి చెప్పు, అంగడివాడు చెయ్యి కదపడు. పాతది బల్ల మీద పెడితే చాలు, ఇంక మాటే అక్కర్లేదు. స్పేర్స్ అంగడి ఆనంద్‌కుమార్ తలెత్తకుండానే అడిగాడు: "శాంపిల్ తెచ్చినావామ్మా?"

పెట్టింది. అతను తుప్పు తుడిచి, దాని మీది అంకెలు చూసి, లోపల్నుంచి అచ్చం అలాంటిదే తెచ్చాడు. పక్కపక్కన పెడితే కవల పిల్లలే. దాని మీద 68 అనీ 113 అనీ ఉంది.

"ఈ నంబర్లు ఏందప్పా?"

"అవి కంపెనీవాళ్ళవమ్మా, మనకేంటికి? శాంపిల్‌కి సరిపోయింది కదా."

సరిపోయింది. సంతోషంగానే తిరిగి వచ్చింది. పిళ్ళప్ప కొత్తదానికి గ్రీజు పూస్తూ ఉంటే, ఆమె ఊరికే కూర్చోలేక, ఖాళీ గొట్టంలోకి ఫోన్ టార్చ్ వేసి తొంగి చూసింది. లోపల మరలు తప్ప ఏమీ లేవు. టార్చ్ తీసేస్తుంటే వెలుతురు పక్కకు పడి, వెనక చక్రం వైపు పోయే ఫ్రేమ్ కడ్డీ మీద ఒక గీర మెరిసింది. నెలవంకలాగా, రంగు పోయి లోహం తేలి ఉంది. అది ఆమె ఎరిగిన గీరే. రాయి తగిలిందనుకుని ఇన్నాళ్ళూ పట్టించుకోలేదు. ఇప్పుడు దాని మీద వేలు పెట్టి చూసింది. రాయి ఇంత వంపుగా గీరుతుందా? నేల మీదున్న పళ్ళచక్రాల గుత్తి తీసి, అందులో అన్నిటికన్నా చిన్నదాన్ని ఆ గీరకు ఆనించింది. వంపుకు వంపు అతికింది!

"పిళ్ళప్పా, ఆగు ఆగు. ఈ చక్రం ఫ్రేమ్‌ని ఏంటికి గీరింది?"

"చైన్ పడినప్పుడు గీరింటాదిలే."

"చైన్ కాదప్పా, చక్రమే. చిన్న గేరులోకి ఏస్తే గరగరమనేది. అందుకే దాన్ని ముట్టేదే మానుకున్యా. దీని గుణం ఇంతే అనుకున్యా." ఆమె ఒక్క క్షణం ఆగింది. "ముందర అట్ల లేదు. పోయిన వానకాలం నీ తావ ఈ బీబీ మార్చినాక కదా మొదలైంది?"

పిళ్ళప్ప స్పానర్ కింద పెట్టి తల గోక్కున్నాడు. అబద్ధమాడే మనిషి కాదు. "అవునమ్మా. అప్పుడు అంగట్లో ఉండింది అదొగటే. పట్టింది, ఏసేసినా."

"మరి దానికి ముందర ఉండింది ఎంత పొడుగు?"

"ఎవరు చూసిండ్రు? దాన్ని పాత ఇనుప గుజిరీకి ఏసేసినా."

ఇద్దరూ పేపర్ మీది పాతదాన్ని, చేతిలోని కొత్తదాన్ని చూస్తూ ఉండిపోయారు. తప్పుదాన్ని చూపించి తప్పుదాన్నే తెచ్చుకున్నారు. ఇదే బిగించుకుపోతే తోట దారిలో మళ్ళీ గరగరే, మళ్ళీ దిగి నెట్టడమే.

"శాంపిలే తప్పయితే ఇంగ దేన్ని చూసి తెచ్చేదమ్మా?" అన్నాడు పిళ్ళప్ప. ఇన్నేళ్ళ అంగడిలో అతనికి ఆ ప్రశ్న రాలేదు మరి.

ఆమె పురుషోత్తమ్‌కు ఫోన్ చేసింది. అతను ఆఫీసులో ఉన్నా విసుక్కోలేదు. "చిన్నమ్మా, అసలుది ఎంత పొడుగో నాకూ గుర్తు లేదు. పాతదాన్ని పక్కన పెట్టేయండి. సైకిల్‌నే కొలవండి. అడుగు గొట్టం వెడల్పు మొదటి నంబరు. ఇరుసు పొడుగు రెండోది. ముందర నడిమి చక్రమూ వెనక నడిమి చక్రమూ ఒకే వరసలో రావాల, అంతే."

ఒకే వరస! పిళ్ళప్పకు ఉత్సాహం వచ్చింది. స్కేలు పెట్టి గొట్టం వెడల్పు కొలిచాడు. అరవై ఎనిమిది మిల్లీమీటర్లు. "ఇది సరిగ్గానే ఉండాది. తప్పంతా పొడుగులోనే." పాతదాన్నే మళ్ళీ లోపల పెట్టి, కాడ తగిలించి, వెనక నడిమి చక్రం పంటి నుంచి ఫ్రేముకు సమాంతరంగా ముందుకు దారం లాగి పట్టుకున్నాడు. ఆమె ముందర నేల మీద కూర్చుని ఒక కన్ను మూసి చూసింది. దారం ముందరి నడిమి చక్రం మీదికి రాలేదు. దాని బయటి పక్కగా పోతోంది. మధ్యలో ఖాళీకి స్కేలు పెడితే ఐదుకు రవ్వంత తక్కువ.

"ఐదు బయటికి రావాల. నూట పదమూడుకు ఐదు. నూట పద్దెనిమిది!" అన్నాడు పిళ్ళప్ప.

"ఉండప్పా, ఉండు. ఇరుసుకు రెండు కొనలు కదా? ఈ పక్క ఐదు పెంచినామంటే ఆ పక్కా ఐదు పెరగల్ల. లేకుంటే ఇరుసు గొట్టానికి నడిమధ్య యాడుంటాది?"

పిళ్ళప్ప రెండు చూపుడువేళ్ళూ ఎదురెదురుగా పెట్టి జరిపి చూసుకున్నాడు. ఫక్కున నవ్వాడు. "పది! నూట ఇరవై మూడుకు రవంత తక్కువ. అమ్మా, నువ్వు విప్పేదానికే కాదు, బిగించేదానికీ పనికొస్తావే!"

అంత పొడుగుది చింతామణిలో లేదు. నంది ఎక్కేవాళ్ళ సైకిళ్ళు బాగుచేసే శ్రీనివాసమూర్తి అంగడి చిక్కబళ్ళాపురంలో ఉంది. పిళ్ళప్ప ఫోన్ కలిపి స్పీకర్ పెట్టాడు. అటునుంచి కన్నడంలో మొదలుపెట్టిన మనిషి, ఈమె గొంతు వినగానే తెలుగులోకి దిగాడు.

"శాంపిల్ తీసుకోని రామ్మా, చూసి ఇస్తా."

సుబ్బలక్ష్మమ్మకు నవ్వాగలేదు. "శాంపిల్ లేదప్పా. ఉండే శాంపిల్ తప్పు శాంపిల్. కొలత చెప్తా, రాసుకో."

అతను సరిగ్గా అడగవలసిందే అడిగాడు: "ఇరుసు కొన నాలుగు పలకలుగా ఉండాదా, చుట్టూ గాడులుగా ఉండాదా?"

"నాలుగు పలకలు."

"అట్లయితే అరవై ఎనిమిదికి నూట ఇరవై రెండున్నరది ఉండాది. ఇప్పుడు పోయే బస్సులో డ్రైవర్ తావ ఇచ్చి పంపిస్తా. ఇంతకీ నువ్వు మెకానిక్కామ్మా?"

"కాదప్పా. పురుగులు మేపుతా."

స్పేర్స్ అంగడిలో కొత్తది తిరిగి ఇచ్చేస్తే ఆనంద్‌కుమార్ ముఖం ముడుచుకున్నాడు. "శాంపిల్ ప్రకారమే ఇచ్చినా కదమ్మా, ఏం తక్కువైంది?"

"నువ్విచ్చింది సరిగ్గానే ఉండాదప్పా. శాంపిలే సరిగ్గా లేదు" అని వచ్చేసింది.

బస్టాండులో అరుగు మీద కూర్చుని బస్సు కోసం ఎదురు చూసింది. ఒళ్ళో పేపర్ పొట్లం. అందులో ఆ పాత డబ్బీ. దాన్ని చూస్తూంటే ఉన్నట్టుండి అక్క గుర్తుకొచ్చింది. అక్క ఆకు నాలుగు వేళ్ళ మందం పరిచేదంటారు. ఎవరిని చూసి పరిచేది? ఆమెకు ముందర ఈ ఇంట్లో పురుగులు మేపినవాళ్ళే లేరు. అంటే పురుగుల్నే చూసి పరిచి ఉంటుంది. ఆ పురుగులు పసుప్పచ్చ గూళ్ళు కట్టేవి, తక్కువ తినేవి. ఇప్పటివి తెల్లగూళ్ళ పురుగులు, దానికి రెండింతల ఆకలి వీటికి. మరి ఇన్నేళ్ళూ తను ఎవరి ఆకలికి కొలిచి ఎవరికి పెట్టింది?

ఆ ఆలోచనకు ఆమెకు కళ్ళలో నీళ్ళొచ్చాయి. అక్క మీద ఎన్నడూ లేనంత ప్రేమ కలిగింది. పాపం, అక్క ఎవరినీ తన మాదిరి ఉండమని అడగలేదు కదా. అంతలో బస్సు వచ్చింది. డ్రైవర్ కిటికీలోంచి పొట్లం అందించాడు.

పిళ్ళప్ప దాన్ని బిగించి, గేరు తీగలు సవరించి, వెనక నుంచి దారం పట్టాడు. దారం నడిమి చక్రం పంటి మీద తిన్నగా వచ్చి కూర్చుంది. చిన్నచక్రానికీ ఫ్రేముకూ మధ్య వేలు పట్టేంత సందు. ఇద్దరూ దాన్ని తిప్పి తిప్పి చూసుకున్నారు, గరగర లేదు.

"ఎదురు మర ఏంటికో తెలిస్తే నాకూ చెప్పమ్మా" అన్నాడు పిళ్ళప్ప ఆమె సైకిల్ ఎక్కుతుంటే. అతనికీ ఆ తెగులు అంటుకుంది.

మునిశామప్ప వ్యాన్ ఎప్పుడో ఊరు చేరింది. ఆమె అంత దూరమూ తొక్కుకుంటూనే వచ్చింది. వచ్చీ రాగానే బూడిదతో, శీకాయతో, సున్నపు నీళ్ళతో చేతులు తోముకుంది. జయలక్ష్మమ్మ కోడలి చేతులు రెండూ పట్టుకుని ముక్కు దగ్గర పెట్టుకుంది. "ఇంగా వస్తాండాది గ్రీజు కంపు. ఇంగోతూరి తోము. మా పెద్దకోడలు అయితే ఇట్లాంటివి ముట్టనే ముట్టేది కాదు."

"సరే అత్తా" అని మళ్ళీ తోముకుంది సుబ్బలక్ష్మమ్మ.

తెల్లవారుతూండగా పురుగులు జ్వరం లేచాయి. పాత తోళ్ళు వదిలేసి, బూడిదరంగు తలలు అటూ ఇటూ ఊపుతూ వెతుకుతున్నాయి. సుబ్బలక్ష్మమ్మ అప్పటికే గుట్ట సందు కింద ఉంది. ఎప్పుడూ దిగి నెట్టే చోట ఈసారి దిగలేదు. చిన్నచక్రంలోకి వేసింది. చైన్ చప్పుడు లేకుండా దిగి కూర్చుంది. కాళ్ళు గబగబా తిరుగుతున్నాయి, సైకిల్ మెల్లగా, మొండిగా రాయి మీంచి రాయికి ఎక్కుతోంది. "ఎక్కు ఎక్కు ఎక్కు" అంటోంది పైకే, ఎద్దును అదిలించినట్టు. సందు పైకొచ్చాక ఆగి వెనక్కి చూసుకుంది. ఊపిరి అందడం లేదు గానీ ఎవరైనా చూశారా అని ఆశపడింది. ఒక మేక చూసింది.

మొదటి మోపు తెచ్చి షెడ్డు ముందు దించి, మళ్ళీ వెళ్ళింది. రెండో మోపు తెచ్చేసరికి మునిశామప్ప వ్యాన్ తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడి ఉన్నాడు. ఎండ ఇంకా ముదరలేదు.

"అప్పుడే రెండోదా?" అన్నాడు. కట్టలు దించడానికి చెయ్యేశాడు, ఆకు చల్లగా తగిలిందేమో ఒక కొమ్మ తీసి చూశాడు. "యాడా దిగలేదా?"

"దిగలేదు. మూడోది కూడా తెస్తా, చూస్తాండు."

అతను వ్యాన్ వైపు నాలుగడుగులు వేసి, వెనక్కి తిరక్కుండానే అన్నాడు: "నర్సరీవాడికి ఇప్పుడే వద్దని చెప్తాలే. గూళ్ళు అయ్యేదాకా చూద్దాం."

షెడ్డులో ఆమె ఆకు కొమ్మలు పరుస్తూ ఉంటే జయలక్ష్మమ్మ వచ్చి పక్కన నిలబడింది. నాలుగు వేళ్ళ మందం అయింది. సుబ్బలక్ష్మమ్మ చెయ్యి ఆగలేదు. ఇంకో వరస వేసింది. ఆపైన ఇంకో వరస.

"ఏమే సుబ్బీ, ఏం చేస్తాండావు! నాలుగు వేళ్ళు దాటేసింది. మా పెద్దకోడలు ఎన్నడూ ఇంత మందం ఎయ్యలేదు."

సుబ్బలక్ష్మమ్మ చేతిలోని కొమ్మ కింద పెట్టింది. ఆ ఇంటికి వచ్చిన ఇన్నేళ్ళలో ఎన్నడూ అనని మాట, కోపం లేకుండా, అత్త చెయ్యి పట్టుకుని అనేసింది.

"అత్తా, అక్కను అడగొద్దు. అక్క లేదు. ఈ పురుగులు అక్క చూసిన పురుగులు కాదు. ఇదో, వీటిని అడుగు."

కోడలు చెయ్యి వదల్లేదు. ముసలామె తట్టల వైపు తల వంచి నిలబడింది. చిటపటమని, ఎండుటాకుల మీద తుంపర పడుతున్నట్టు, షెడ్డు నిండా మేత చప్పుడు. వేసిన ఆకు వాళ్ళ కళ్ళ ముందే కరిగిపోతోంది. అడుగున ఉన్న పురుగులు పైకి ఎగబాకి, ఈనె మాత్రమే మిగిలిన కొమ్మల మీద తలలు ఊపుతున్నాయి. ఆమె చాలాసేపు అలాగే చూసింది.

తర్వాత చెయ్యి విడిపించుకుని, చీర కొంగుకు చేతులు తుడుచుకుని, కట్టలోంచి తానే ఒక కొమ్మ లాగింది.

"ఆకలిగా ఉండాయే సుబ్బీ ఇవి" అంది. "పో, మూడోది తేపో."